ఫ్రీలాన్స్ రాతతో ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న

ఖమ్మం జిల్లా నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 34. ఒక తెలుగు దినపత్రికలో తొమ్మిదేళ్లు పనిచేశారు. మొదటి నాలుగేళ్లు మండల కంట్రిబ్యూటర్‌గా లైన్ అకౌంట్ మీద (అంటే అచ్చయిన వార్తను కొలిచి డబ్బిచ్చే పద్ధతి), తర్వాత స్టాఫ్ రిపోర్టర్‌గా. పాప ఒకటో తరగతిలో చేరిన ఏడాదే దూరపు జిల్లాకు బదిలీ వేశారు. వెళ్లలేక రాజీనామా చేశారు. అది జరిగి పద్నాలుగు నెలలైంది.

అప్పటి నుంచి ఫ్రీలాన్స్. ఒక న్యూస్ వెబ్‌సైట్‌కు కథనానికి ₹800 చొప్పున రాస్తున్నారు. 11 కథనాల డబ్బు ఇంకా రాలేదు. ఆరు నెలలుగా ఎప్పుడు అడిగినా ‘వచ్చే నెల క్లియర్ చేస్తాం మేడమ్’ అన్న మాటే. ఈ మధ్య చర్ల వైపు ఒక గూడేనికి వెళ్లి, రెండు రోజులుండి, పోడు పట్టాల మీద రాశారు. బస్సులు, ఆటో, తిండి కలిపి ₹1,100 ఖర్చయింది. వచ్చేది ₹800, అదీ వస్తే. మిర్చి రైతుల మీద రాస్తానని ఒక ఇంగ్లిష్ వెబ్‌సైట్ ఎడిటర్‌కు మెయిల్ పెడితే, ‘ఇది టాపిక్, స్టోరీ కాదు’ అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు.

భర్త ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. ఆయన ఏమీ అనరు. అత్తగారు మాత్రం ఒకటో తారీఖు రాగానే ‘ఈ నెలైనా జీతం పడిందా అమ్మా’ అని అడుగుతారు. ఆవిడ మామూలుగానే అడుగుతున్నా తనకు గుచ్చుకుంటోందట. ఖమ్మంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు నెలకు ₹15,000 ఇస్తాం, మా వార్తలు పేపర్లలో వచ్చేలా చూడండి అంటున్నారు. పాత సహోద్యోగి ఒకరు యూట్యూబ్ చానల్ పెడదాం, సగం సగం అంటున్నారు. ఉత్తరం చివర ఇలా ఉంది: ‘అక్కా, ఈ పనిలో బతకొచ్చా? బతకొచ్చంటే ఎవరిని అడగాలి, ఎక్కడికి రాయాలి, చెప్పండి. కాదంటే అదీ చెప్పండి, బీఈడీ చేస్తాను.’

సమాధానం

అమ్మా, చర్ల బస్సు ఎక్కేముందు ఆ వెబ్‌సైట్ వాళ్లతో ఖర్చుల మాట మాట్లాడారా? ఉత్తరంలో ఎక్కడా ఆ ఊసు లేదు. మాట్లాడి ఉండరనుకుంటున్నాను. నేను కూడా మొదటి మూడేళ్లు మాట్లాడలేదు. అడిగితే ఉన్న అవకాశం కూడా పోతుందని భయం.

మీరు ఉద్యోగం వదిలేశారు గానీ, లైన్ అకౌంట్ అలవాటు మాత్రం మీ వెంటే వచ్చింది. కంట్రిబ్యూటర్ బతుకు మీకు తెలియంది కాదు. వార్త పంపడం మన పని. అందులో ఎంత వేయాలో డెస్క్ ఇష్టం. అచ్చయినదాన్ని కొలిచి నెలాఖరుకు ఎంత వేస్తే అంత. ధర అడగం, ఎందుకు కోశారని అడగం. తొమ్మిదేళ్లలో మొదటి నాలుగు అలా గడిచాక అది ఒంట్లో ఇంకిపోతుంది. స్టాఫ్ అయ్యాక జీతం వస్తుంది కాబట్టి ఆ అలవాటు బయటపడలేదు. ఇప్పుడు మళ్లీ బయటపడింది. ఫ్రీలాన్సర్ ఊరు కదలకముందే నాలుగు విషయాలు మెయిల్‌లో తేల్చుకోవాలి: ఎన్ని పదాలు, ఎంత డబ్బు, ఖర్చులు ఎవరివి, డబ్బు ఎన్ని రోజుల్లో. ఫోన్లో ఒప్పుకుంటే, ‘మనం అనుకున్నట్టుగా’ అని మీరే ఒక మెయిల్ రాసి పెట్టండి. అవతలివాళ్లు జవాబివ్వకపోయినా అది రేపు కాగితమవుతుంది.

ముందు ఆ ₹8,800 సంగతి చూద్దాం. విడివిడిగా అడగడం ఆపండి. ఒకే కాగితం మీద 11 కథనాల పేర్లు, అచ్చయిన తేదీలు, లింకులు, ఒక్కోదానికి ఒప్పుకున్న మొత్తం, అడుగున మొత్తం బాకీ రాసి, ఫలానా తేదీలోగా చెల్లించమని ఎడిటర్‌కూ అకౌంట్స్‌కూ కలిపి మెయిల్ చేయండి. వాట్సాప్‌లో వాళ్లు ‘క్లియర్ చేస్తాం’ అన్న మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. బాకీని వాళ్లే ఒప్పుకున్నారనడానికి అవే సాక్ష్యం. అప్పటికీ రాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలిపించవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇలాంటి బాకీకి దావా గడువు మామూలుగా మూడేళ్లు కాబట్టి మీకు ఇంకా సమయం ఉంది. దీనివల్ల ఆ వెబ్‌సైట్‌తో సంబంధం తెగిపోవచ్చు. కానీ ఆరు నెలలుగా డబ్బివ్వనివాళ్లకు పన్నెండో కథనం పంపడం కంటే అదే నయం.

ఇకముందు కోసం ఇంకో పని ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు, ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. ఎవరైనా ఏజెంటు డబ్బు అడిగితే ఇవ్వకండి. స్వతంత్రంగా రాసేవాళ్లు సేవల విభాగంలో సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం అలాంటివాళ్లకు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే చక్రవడ్డీ పడుతుంది. బాకీ వివాదాలకు రాష్ట్రంలో ప్రత్యేకంగా కౌన్సిల్ ఉంది. నమోదైన తర్వాత చేసిన పనికే ఇది గట్టిగా పనిచేస్తుంది కాబట్టి పాత 11 కథనాలకు దీన్ని నమ్ముకోకండి.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని ఆ వాక్యం. ‘ఇది టాపిక్, స్టోరీ కాదు.’ ఆ ఎడిటర్ ఇంకో రెండు ముక్కలు రాసి ఉంటే బాగుండేది. కానీ చెప్పింది మాత్రం నిజం. మీరు పంపిన మెయిల్ ఉత్తరంలో జతచేశారు కదా, చదివాను. ‘ఖమ్మం మిర్చి రైతుల కష్టాలు’ అని ఉంది. ఖమ్మంలో ఒక్కరోజు కూడా ఉండనివాళ్లయినా ఆ మాట రాయగలరు. మీరొక్కరే రాయగలిగింది అందులో లేదు.

మీకు తెలిసిందేమిటో నాకు ఉత్తరం మూడో పేజీలో దొరికింది. ‘పొద్దున జెండా పాట ధర పేపర్లో వేస్తాం. ఆ ధర చూసి రైతు సంబరపడి వస్తాడు. వచ్చాక తాలు అంటారు, తడి అంటారు, రంగు లేదంటారు’ అని మీరు ఏదో మాటవరసకు రాశారు. అమ్మా, స్టోరీ అక్కడుంది. జెండా పాట అంటే మార్కెట్ యార్డులోకి వచ్చిన మేలైన సరుకుకు పలికే ధర. మిగతా బస్తాలన్నీ దాని కిందే. మనం, అంటే పత్రికలవాళ్లం, ఏళ్ల తరబడి ఆ ఒక్క ధరే హెడ్డింగులో పెట్టాం. రైతు చేతికి వచ్చింది మాత్రం తక్‌పట్టీలో ఉంటుంది. బరువు, ధర, కమీషను, హమాలీ, కోతలు అన్నీ ఆ చిన్న కాగితం మీద.

సీజన్లో ఒక రోజు తెల్లవారుజామునే యార్డుకు వెళ్లండి. జెండా పాట ఎంతో రాసుకోండి, ఏ అడ్తిలో (కమీషన్‌దారు దుకాణంలో) పాడారో రాసుకోండి. ఆ రోజు మధ్యాహ్నం కాంటాలయ్యాక బయటికొచ్చే రైతులను గేటు దగ్గర కలిసి, ఒప్పుకున్నవాళ్ల తక్‌పట్టీలు ఫొటో తీసుకోండి. పేర్లు వేయవద్దంటే వేయనని ముందే చెప్పండి. పాతిక దొరికితే చాలు. ఆ పాతికలో జెండా పాట ధర ఎంతమందికి దక్కింది, మిగతావాళ్లకు ఎంత తక్కువ పడింది, లెక్క తీయండి. ఇదే పని వారం తర్వాత ఇంకోసారి చేయండి. కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్‌లో ప్రతి మార్కెట్‌కూ ఆ రోజు కనిష్ఠ, గరిష్ఠ, ఎక్కువగా పలికిన ధర ఉంటాయి. మీ లెక్క పక్కన అవి పెట్టి చూడండి. మార్కెట్ కమిటీ రిజిస్టర్ల కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు ₹10, జవాబుకు 30 రోజులు. వాళ్లు ఇవ్వకపోయినా దరఖాస్తు పెట్టిన రసీదు మీ కథనానికి బలమే. అధికారి మాట, కమీషన్‌దారుల మాట కూడా తీసుకోండి. సరుకు నాణ్యతలో తేడా నిజంగా ఉంటుంది, అది వాళ్ల నోట రావాలి.

అప్పుడు ఎడిటర్‌కు రాసే మెయిల్ ఎనిమిది వాక్యాలు దాటక్కర్లేదు. మొదటి వాక్యంలోనే మీకు దొరికిన విషయం ఉండాలి: ‘ఫలానా రోజు ఖమ్మం యార్డులో జెండా పాట ఇంత. అదే రోజు అమ్ముకున్న 25 మంది రైతుల తక్‌పట్టీలు నా దగ్గరున్నాయి. అందులో ఆ ధర దక్కింది ఇంతమందికి.’ తర్వాత, ఇది ఇప్పుడే ఎందుకు, ఇంకా ఎవరితో మాట్లాడాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వగలరు, ఫొటోలు ఉన్నాయా, మీరెవరు. చివర, ఫీజు ఎంత, ఖర్చులు ఇస్తారా అని సూటిగా. ఇంగ్లిష్ గురించి కంగారు పడకండి. చిన్న చిన్న వాక్యాలు రాయండి. మెషీన్ ట్రాన్స్‌లేషన్ వాడితే వాడండి గానీ పేర్లు, అంకెలు, ‘తాలు’ లాంటి మాటలు మీరే సరిచూసుకోండి. వాక్యాలు దిద్దడానికి డెస్క్‌లో మనుషులుంటారు. పాతిక తక్‌పట్టీలు మాత్రం మీ ఫోన్లోనే ఉన్నాయి.

ఒకసారి తిరిగిన తిరుగుడు ఒకే కథనంతో అయిపోకూడదు. ఆ యార్డు రోజుల్లోంచే ఇంగ్లిష్‌కు లెక్కల కథనం, ఒక తెలుగు ఆదివారం అనుబంధానికి ఒక రైతు కుటుంబం కథ, ఏ వీడియో వేదికకైనా హమాలీల పొద్దు మీద ఐదు నిమిషాలు రావచ్చు. ఎవరికి ఏది ఇస్తున్నారో ఒకరికొకరికి తెలియాలి, అంతే. ఒకే కథనాన్ని ఇద్దరికి చెప్పకుండా అమ్మితే పేరు పోతుంది. చర్ల నోట్సు కూడా అలాగే. ఆ ₹1,100 ఇంకా వృథా కాలేదు. పోడు పట్టాలకు ఆధారమైన అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, భూమి 2005 డిసెంబర్ 13కు ముందే సాగులో ఉండాలన్నది అందులోని గీత. ఆ గూడెంలో ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమందికి ఏ కారణం చూపి తిప్పికొట్టారు, ఆ తిరస్కరణ కాగితం వాళ్ల చేతికి ఇచ్చారా లేదా అన్నది మీరు రాసినదానిలో లేదు. రెండో కథనం అదే.

సీజన్ కంటే ముందు ఉండడం కూడా నేర్చుకోవాలి. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక అన్ని చానళ్లూ అక్కడే ఉంటాయి. అప్పుడు ఫ్రీలాన్సర్‌ను అడిగేవాళ్లుండరు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు మునిగిన కాలనీలవాళ్లు ఇప్పుడెక్కడున్నారు, కరకట్ట పని ఎంతవరకు వచ్చింది అన్నది ఏప్రిల్‌లో రాసి, మే నెలలో ఎడిటర్ల ముందుంచితే అది మీదవుతుంది.

ఎవరికి రాయాలన్నారు. గ్రామీణ జీవితం మీద లోతుగా రాస్తే పరి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) ఉంది. పాలగుమ్మి సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన ఈ వేదిక తెలుగుతో సహా పలు భాషల్లో వస్తుంది, రచయితలకు డబ్బిస్తుంది. అడవి, నీళ్లు, పంటల మీదైతే మొంగాబే ఇండియా, డౌన్ టు ఎర్త్. లెక్కలతో నడిచే కథనాలకు ఇండియాస్పెండ్. చట్టం, హక్కుల కోణానికి ఆర్టికల్ 14. దక్షిణాది విషయాలకు న్యూస్ మినిట్. తెలుగులోనే రాయాలనుకుంటే బీబీసీ తెలుగులో ‘బీబీసీ కోసం’ అన్న బైలైన్లు మీరు చూసే ఉంటారు. అవి బయటివాళ్లు రాసినవే. వీటన్నిటికీ ఒకే మెయిల్ కొట్టకండి. ప్రతిదాంట్లో గత మూడు నెలల కథనాలు చదివి, మీ కథ ఎక్కడ ఒదుగుతుందో చూసి ఒక్కరికే పంపండి. వారం రోజుల తర్వాత ఒకసారి గుర్తుచేయండి. మరో వారం చూసి, ఇంకొకరికి పంపుతున్నానని మర్యాదగా చెప్పి పంపండి.

ఒంటరిగా ఉన్నామన్న దిగులుకు కూడా మందు ఉంది. నెట్‌వర్క్ ఆఫ్ విమెన్ ఇన్ మీడియా 2002 నుంచి నడుస్తోంది, జీతాలు లేని నెట్‌వర్క్, అందరూ పనిచేసే జర్నలిస్టులే. ఏ సంస్థ ఎంత ఇస్తుంది, ఎవరు ఎగ్గొడతారు అన్న నిజమైన సమాచారం ఇలాంటి చోటే దొరుకుతుంది. 1993లో మాస్కోలో చనిపోయిన ఫ్రీలాన్స్ కెమెరామన్ పేరిట ఏర్పడ్డ రోరీ పెక్ ట్రస్టు వెబ్‌సైట్‌లో ప్రమాదం ఉన్నచోటికి వెళ్లేముందు నింపుకోవాల్సిన పత్రాలున్నాయి. ఏజెన్సీ ప్రాంతానికి ఒక్కరే వెళ్తున్నారు కాబట్టి మీకు పనికొస్తాయి. టెక్సస్ విశ్వవిద్యాలయంలోని నైట్ (Knight) సెంటర్ డేటా జర్నలిజం కోర్సులు ఆన్‌లైన్‌లో చాలావరకు ఉచితం. పులిట్జర్ సెంటర్, ఎర్త్ జర్నలిజం నెట్‌వర్క్ లాంటివి అప్పుడప్పుడూ రిపోర్టింగ్ గ్రాంట్లు ప్రకటిస్తాయి. అయితే ఒక జాగ్రత్త. రాసిన కథనానికి విదేశీ సంస్థ ఇచ్చే ఫీజు వేరు, విరాళం వేరు. విలేకరులు, కాలమిస్టులు విదేశీ విరాళం తీసుకోవడం మీద 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టంలో (ఎఫ్‌సీఆర్ఏ) నిషేధం ఉంది. గ్రాంటు ఒప్పందంలో డబ్బు దేనికింద ఇస్తున్నారని రాశారో ఒక సీఏకు చూపించాకే సంతకం పెట్టండి.

సంతకం అన్నాను కాబట్టి నాకు జరిగింది చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక సంస్థకు చేనేత కార్మికుల మీద ఆరు భాగాలు రాశాను. డబ్బు చేతికి రావాలన్న తొందరలో వాళ్లిచ్చిన కాగితం చదవలేదు. ‘సర్వ హక్కులూ శాశ్వతంగా’ అని ఉంది. తర్వాత ఒక ప్రచురణకర్త వాటిని పుస్తకంగా వేస్తామని వచ్చారు. నా రాతే, నేను ఇవ్వలేకపోయాను. మన కాపీరైట్ చట్టం నిజానికి మనవైపే ఉంది. ఉద్యోగిగా కాకుండా బయటినుంచి రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు రాసినవాళ్లే. హక్కులు ఇచ్చేస్తున్నట్టు రాతపూర్వకంగా ఉండాలి. ఎన్నాళ్లో రాయకపోతే ఐదేళ్లే, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే. కాబట్టి ఎవరైనా ఒప్పందం పంపితే ‘మొదటి ప్రచురణ హక్కు మాత్రమే’ అని మార్చమని అడగండి. కొందరు ఒప్పుకోరు. అప్పుడు ఫీజు పెంచమనండి. రెండూ కాదంటే, ఇస్తారో మానుకుంటారో తెలిసి నిర్ణయించుకోండి.

పన్ను సంగతి క్లుప్తంగా. సంస్థలు వృత్తి ఫీజు మీద 10 శాతం పన్ను ముందే (టీడీఎస్) కోస్తుంటాయి. మీ ఆదాయం పన్ను పడేంత లేకపోతే రిటర్ను వేసి అది వెనక్కి తెచ్చుకోండి. చాలామంది వేయక వదిలేస్తున్నారు. రేపు ఇంటి లోనుకు వెళ్లినా ఆ రిటర్నులే మీ జీతం స్లిప్పులు. ఏడాది రాబడి ₹20 లక్షలు దాటేదాకా జీఎస్టీ గురించి భయం అక్కర్లేదు. బస్సు టికెట్లు పారేయకండి.

ఆసుపత్రి ₹15,000. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మీరు ఇంచుమించు ఒప్పుకున్నట్టే రాశారు. ఆ డబ్బు అవసరం చిన్నదని నేననను. నెలనెలా వచ్చే డబ్బు ఇంట్లో మీ గొంతు పెంచుతుంది కూడా. కానీ వాళ్లు కొనేది మీ రాత కాదు. ‘పేపర్లలో వచ్చేలా చూడండి’ అన్నారు చూశారా, కొనేది మీ తొమ్మిదేళ్ల పరిచయాలను. ప్రతి నెలా పాత సహోద్యోగులకు ఫోన్ చేసి ‘కొంచెం వేయవా’ అని అడగాలి. మా బ్యాచ్‌లో ఒకామె ఇలాగే వేరే ఊళ్లో ఒక ఆసుపత్రి పని ఒప్పుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ ఆసుపత్రిలో కాన్పుకు వెళ్లిన అమ్మాయి చనిపోయింది. ఆ వీధిలోవాళ్లకు తెలిసిన విలేకరి ఈమె ఒక్కతే. అమ్మాయి తండ్రి రిపోర్టులన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఈమె గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మని మంచినీళ్లు ఇచ్చిందట, కవరు మాత్రం తెరవలేదట. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు ఆమె ఏడ్చింది. తర్వాత ఆమె రిపోర్టింగ్ చేయలేదు.

మీరు ఒప్పుకుంటే జిల్లాలో ఆరోగ్యం మీద రాయడం మానుకోవాలి, ఏ ఎడిటర్‌కు రాసినా ఈ సంగతి ముందే చెప్పాలి. ఈ షరతులకు సిద్ధమైతే తీసుకోండి, అది నేరం కాదు. మధ్యేమార్గం కూడా ఉంది. వార్తలు వేయించే పని చేయను, రోగులకు అర్థమయ్యేలా తెలుగులో కరపత్రాలు, వీడియో స్క్రిప్టులు రాసిస్తాను, ఒక్కోదానికి ఇంత అని అడిగి చూడండి. అప్పుడు ₹15,000 రాకపోవచ్చు. అన్నిటికంటే నాకు నచ్చేది, అన్నం పెట్టే పని మీరు వార్తలు రాసే పరిధికి బయట ఉండడం. అనువాదం, సబ్‌టైటిల్స్, పాఠ్యపుస్తకాల ఎడిటింగ్, స్వచ్ఛంద సంస్థల నివేదికలు. నేను పదేళ్లు వ్యవసాయ పుస్తకాల అనువాదంతో ఇల్లు నడిపాను. రైతుల మీద రాసేటప్పుడు ఆ పుస్తకాలే అక్కరకొచ్చాయి.

యూట్యూబ్ చానల్ విషయంలో సగం సగం అన్న మాట ఒక్కటే చాలదు. చానల్ ఎవరి మెయిల్ మీద ఉంటుంది, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, విడిపోతే పాత వీడియోలు ఎవరివి, పరువునష్టం నోటీసు వస్తే ఎవరు జవాబిస్తారు? ఇవి కాగితం మీద పెట్టాకే మొదలుపెట్టండి. మామూలు నిడివి వీడియోలకు ప్రకటనల ఆదాయం రావాలంటేనే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. అది దాటాక కూడా మొదట్లో వచ్చేది చాలా తక్కువ. మీకు తోచిన పని కంటే వ్యూస్ వచ్చే పని చేయమనే ఒత్తిడి మొదటి నెలలోనే మొదలవుతుంది. మీ సహోద్యోగి మనసు మీకు తెలుసు, నాకు తెలియదు.

అక్రెడిటేషన్ కార్డు, అంటే ప్రభుత్వం ఇచ్చే విలేకరి గుర్తింపు కార్డు, లేకపోతే ఎలా అని కూడా ఉత్తరంలో అడిగారు. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఫ్రీలాన్సర్‌కు 15 ఏళ్ల అనుభవం అడిగారు. రాష్ట్రం నిబంధనలు వేరు. కార్డు లేకుండానే యార్డు, గ్రామసభ, కోర్టు హాలు, ఆర్టీఐ అన్నీ తెరిచే ఉన్నాయి. కథనం ఒప్పుకున్న ఎడిటర్‌ను ఒక అసైన్‌మెంట్ లెటర్ అడగండి, పోలీసులు ఆపితే అది చూపించవచ్చు.

ఇక మీ పెద్ద ప్రశ్న. బీఈడీ అంటే రెండేళ్లు. ప్రభుత్వ టీచరైతే స్థిరత్వం ఉంటుంది, కానీ అప్పుడు పత్రికలకు రిపోర్టింగ్ చేయడానికి సర్వీసు నిబంధనలు అడ్డొస్తాయి. అది తక్కువ పనేమీ కాదు. మిర్చి రైతుల పిల్లలకు లెక్కలు చెప్పే టీచరు కూడా ఆ జిల్లాకు అవసరమే. మళ్లీ పత్రికలో చేరితే జీతంతో పాటు బదిలీ కూడా వస్తుంది, పాప ఇంకొంచెం పెద్దయ్యేదాకా ఆగుతారేమో ఆలోచించండి. మూడోది, తేదీ పెట్టుకుని ఫ్రీలాన్స్. మీ ఇంటికి మీ వైపు నుంచి నెలకు కనీసం ఎంత కావాలో భర్తతో కూర్చుని అంకె రాసుకోండి. ఆయన ఏమీ అనకపోవడం మీకు హాయిగా ఉందని రాశారు గానీ, ఆయన మనసులో ఏముందో మీకూ తెలియదు కదా. ఆ అంకెలో మూడింట రెండు వంతులు అనువాదం లాంటి పని నుంచి, ఒక వంతు రిపోర్టింగ్ నుంచి రావాలని లెక్క వేయండి. తొమ్మిది నెలలు చూడండి. అంత వ్యవధి ఎందుకంటే, మంచి కథనం ఒప్పుకోవడానికి నెల, రాయడానికి నెల, డబ్బు రావడానికి రెండు నెలలు పడుతుంది. ఆ గడువులో సగం అంకె కూడా రాకపోతే బీఈడీ దరఖాస్తు పెట్టండి. పీఎఫ్ డబ్బు ముట్టుకోకండి. ఉద్యోగంతో పాటు పోయిన బీమా బదులు కనీసం బ్యాంకులో ఏడాదికి ₹20 ప్రమాద బీమా, ₹436 జీవిత బీమా ఇవాళే కట్టండి. రెండు లక్షల చొప్పున ఉంటాయి. నా మొగ్గు ఈ మూడో దారికే. కానీ మీ ఇంటి అప్పులు, మీ ఓపిక నాకు కనపడవు.

ఒక నోట్‌బుక్ కొనండి. ఎవరికి పంపాను, ఏ తేదీ, ఏమన్నారు, ఎంతకు ఒప్పుకున్నారు, ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఇచ్చారు. ఆరు గడులు. ఒకటో తారీఖున అత్తగారు అడిగినప్పుడు ఆ నోట్‌బుక్ తెరిచి ‘పదో తారీఖున ఫలానావాళ్లు ఇంత వేయాలి అత్తయ్యా’ అని చూపించండి. లెక్క కనిపిస్తే ఇది కూడా పనే అని ఆవిడకు అర్థమవుతుంది.

సంక్రాంతి దాటితే యార్డుకు కొత్త మిర్చి జోరందుకుంటుంది. అప్పటికి బాకీ మెయిల్ వెళ్లిపోయి ఉండాలి. తక్‌పట్టీలు చేతికొచ్చాక ఆ ఎడిటర్‌కే మళ్లీ రాయండి. పంపేముందు ఒకసారి నాకు పంపండి, మొదటి వాక్యం ఇద్దరం కలిసి చూద్దాం.